లోపలి తీగ

క్లిప్పులు మా ఇంటివే. ఆకుపచ్చవి కొన్ని, పసుపువి కొన్ని, మిగతావి ఎండకు వెలిసి ఏ రంగూ కానివి. పొద్దున తడిబట్టలు ఆరేద్దామని బుట్టలో చెయ్యి పెడితే ఒక్కటీ తగల్లేదు, ఎలకలెత్తుకుపోయాయా అనుకున్నాను, ఇక్కడ కాలేజీ హాలుకొచ్చి చూస్తే గోడ పొడుగునా కట్టిన తాడు మీద నా ముఖాన్ని కరుచుకుని వేలాడుతున్నాయి. ఇన్నేళ్ళూ దుప్పట్లు మోసినవి, ఇవాళ కళాసేవలోకి దిగాయి. "అమ్మా, ఇక్కడే కూర్చో, ఎవరూ ముట్టుకోకుండా చూడు, సార్ని తీసుకొచ్చేస్తా, గంటలో తలుపులు తీస్తారు" అని మా అమ్మాయి నన్నీ ప్లాస్టిక్ కుర్చీలో కూలేసి వెళ్ళింది. ముట్టుకునేదెవరు. హాల్లో నేనున్నాను, నెత్తిన కిర్రుమనే ఫ్యానుంది, గోడల నిండా పిల్లల దుఃఖాలున్నాయి. దుఃఖాలకి కాపలా. ఇంట్లో చేసే పనే, ఇక్కడ కుర్చీ ఇచ్చారు, అంతే తేడా.

క్లాసు ప్రాజెక్టు అంటే ఇదట. మాటలు రాయకూడదు, పేరు పెట్టకూడదు, ఫొటోలు ఒకదాని పక్కన ఒకటి తగిలించి కథ చెప్పాలి. చదువు చెప్పేవాళ్ళకి మాటలంటే ఇంత విసుగు ఎప్పుడు పుట్టిందో. పక్క తాడు మీద ఎవరో పిల్లాడు చెప్పుల ఫొటోలు తీశాడు. గుమ్మంలో చెప్పులు, మెట్ల మీద చెప్పులు, వానలో ఒంటి చెప్పు, ఆఖర్న చెప్పులు లేని గుమ్మం. ఎవరో పోయారన్నమాట. ఎవరూ పోయుండరు, ఆ చెప్పులు మంచం కిందకి తోసి ఫొటో తీసుంటాడు, వాళ్ళమ్మ వాటి కోసం ఇల్లంతా వెతికి వీణ్ణి నాలుగు తిట్టి ఉంటుంది, ఆ తిట్లు మాత్రం కథలోకి రావు. ఎదురుగోడ మీద ఒకమ్మాయి ఆపిల్ పండు కుళ్ళిపోవడాన్ని మొదట్నుంచీ చివరిదాకా తీసింది. అంత ఓపికున్న పిల్ల మొదటిరోజే దాన్ని కోసి ఎవరికన్నా పెట్టొచ్చు. ఇంకో తాడు నిండా ఖాళీ కుర్చీలు. మీసాలన్నా సరిగ్గా రాని వయసులో ఖాళీ కుర్చీలంటే ఇంత మోజేమిటో. మా ఇంట్లో కుర్చీ ఖాళీగా ఉందంటే దాని మీద మడత పెట్టాల్సిన బట్టల గుట్ట ఉంటుంది. హాలంతా కళ్ళతో వెతికాను, నవ్వే ముఖం ఒక్కటి లేదు. నవ్వితే మార్కులు తగ్గుతాయి కాబోలు.

మా అమ్మాయి తాడు మీద ఉన్నది నా రోజు. తెల్లవారడంతో మొదలవుతుంది. పొయ్యి ముందు నిలబడ్డాను, కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి భుజం మీద వాలింది, చూసినవాళ్ళు పాపం ఎంత పొద్దున్నే లేచిందో ఈ తల్లి అనుకోవాలి. మా వంటింట్లోకి పొద్దుటెండ రాదు. ఆ ఇంట్లో పాలు పొంగించిన నాటి నుంచి రాలేదు. ఆ కిటికీ పడమటిది. భోజనాలై, అంట్లు కడిగి, నేను నడుం వాల్చే వేళకి ఎండ లోపలికి వస్తుంది. సరిగ్గా అప్పుడే లేపి నిలబెట్టింది నన్ను, తెల్లవారుజాము కావాలని. "నీలం చీర కట్టుకో అమ్మా." "అది వెలిసిపోయిందే." "అందుకే." ఒక్క మధ్యాహ్నంలో నాకు రోజంతా గడిచిపోయింది. పొద్దున అయిపోయింది చీర మార్చుకో, ఇప్పుడు సాయంత్రం, ఇప్పుడు కర్టెన్లు వేసేశాం కాబట్టి రాత్రి. సృష్టి చేసిన ఆయన కూడా పగలుకీ రాత్రికీ మధ్య కాస్త వ్యవధి ఇచ్చాడు. "నవ్వకు." నేను నవ్వడం లేదే అన్నాను. "నీ ముఖం నవ్వుతున్నట్టుంది." నా ముఖమే అంత, మీ నాన్నని కట్టుకున్న రోజు ఫొటోలోనూ అలాగే ఉంటుంది, చూసుకో, అన్నాను. "అబ్బా, అలసిపోయినట్టు చూడమ్మా. కిటికీలోంచి దూరంగా. నువ్వు వదిలేసుకున్నవన్నీ అక్కడ ఉన్నట్టు." నేను వదిలేసుకున్నవేమిటే? "అదే. జీవితం."

కిటికీ బయట ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకుంది. నా జీవితం అందులో ఉందేమో అని దాన్నే చూశాను. వెనక పొయ్యి మీద పాలున్నాయి, పొంగుతాయేమోనని చెవులు అటు పెట్టాను. పని అంతే. కానీ ఇప్పుడిలా ఎదురుగా కూర్చుని చూస్తుంటే ఆ ఫొటోలో ముఖం నాకు నచ్చడం లేదు. అది ట్యాంకును చూసే ముఖం కాదు. పాలు కనిపెట్టే ముఖం కూడా కాదు. అందులో ఏదో ఉంది, అది నేను పెట్టింది కాదు, దొంగ ఎండ పెట్టిందీ కాదు. దేవుడి ముందు దీపం పెట్టి కళ్ళు మూసుకున్నప్పుడు కూడా నాకు తెలియకుండా ఇదే ముఖం పెట్టుకుంటున్నానా? ఏమీ అడగను, అంతా నీ దయ అని రోజూ అంటాను, నోరలా అంటుంటే ముఖం ఇలా ఉంటోందా? స్వామి ఏది వింటాడు మరి, నోటినా ముఖాన్నా? సరే, ఆ సంగతి ఇంటికెళ్ళాక. అక్కణ్ణించి చూపు తిప్పేసుకున్నాను.

ప్రింట్లు తీయించి ఇంటికి తెచ్చిన రోజునే అడిగాను, ఇదేమిటే నన్నిలా దిక్కులేనిదాన్ని చేశావు అని. "అది నువ్వు కాదమ్మా, ఒక పాత్ర" అంది. పాత్రయితే నా గాజులెందుకు వేసుకుంది అన్నాను. దానికి కోపం వచ్చింది. ఇంత డబ్బుపోసి చదివిస్తే ఇంటికొచ్చే ముక్కలివి: పాత్ర, వెలుగు, మౌనం. మౌనమట. మా ఇంట్లో మౌనం ఎక్కడుంది? పక్షవాతం వచ్చాక అత్తగారికి ఒళ్ళు సగం పడిపోయింది గానీ నోరు రెండింతలైంది. అంతకుముందు తూచి మాట్లాడే మనిషి. ఇప్పుడు తూకపు రాళ్ళు పారేసింది. మెలకువగా ఉన్నంతసేపూ "ఎవరూ, ఎవరూ" అని కేక. నేనే అత్తయ్యా అంటే "నువ్వా, ఇంకా ఉన్నావా" అంటుంది. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుంటే "వీడికి పెళ్ళయిందా, పట్టు వదలడేం" అంది ఆయన ఎదుటే. నేను కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయాను. కూతురి కెమెరా అప్పుడు ఎక్కడుంది? బ్యాగులో. అలసట వస్తేనే అది బయటికి వస్తుంది.

మా బాల్కనీలో రెండు తీగలున్నాయి. బయటిది వీధికి కనపడుతుంది, లోపలిది గోడ వారగా ఉంటుంది. నేను కాపరానికి వెళ్ళిన కొత్తలో అత్తగారు నేర్పిన మొదటి పాఠం అదే. దుప్పట్లు, చీరలు, చొక్కాలు బయటి తీగ మీద. లోపల వేసుకునేవి లోపలి తీగ మీద, దుప్పటి చాటున. ఇందులో సిగ్గేముందత్తయ్యా, అందరిళ్ళలోనూ ఉండేవేగా అన్నాను, అప్పుడు నాకూ కాస్త చదువు పొగరు ఉండేది, స్కూలు ముగించి వచ్చినదాన్ని. "అందరిళ్ళలోనూ ఉండేవే. చాటున ఆరితే ఒట్టి బట్టలు. ముందర వేస్తే అవి ఫలానావాళ్ళవి. దాచమనడం లేదు, లోపలి తీగే అయినా దానికీ గాలి తగులుతుంది" అంది. ఆ వయసులో నవ్వుకున్నాను. ఇప్పుడు ఈ తాడు చూస్తుంటే ఆవిడ కాళ్ళకి మొక్కాలనిపిస్తోంది. మా అమ్మాయికి ఏ క్లాసులోనూ ఈ పాఠం రాలేదు. అన్నీ బయటి తీగ మీదే. పైగా వరస ప్రకారం, అమ్మ క్లిప్పులతో.

వరసే కదా అసలు పాపం. ఒక్కో ఫొటోనీ విడిగా చూస్తే తప్పు పట్టలేను. పొయ్యి. జావ గిన్నె పట్టుకున్న నా చెయ్యి. దువ్వెన, పలచని తెల్ల జుట్టు. దుప్పటి కిందనుంచి కనపడే ఒక పాదం. నేనూ కిటికీ. ఖాళీ కుర్చీ, దాని మీద కళ్ళజోడు, దీనికీ కుర్చీ లేకపోతే గడవలేదు. ఆ కుర్చీ మీద బట్టలు తీయించి నా మంచం మీద పోయించింది. ఇక ఆఖరిది. కర్టెన్లు వేసిన చీకటి గదిలో అత్తగారు దిండుకి ఆనుకుని ఉంది, నా అరచెయ్యి ఆవిడ నోటిని పూర్తిగా మూసి ఉంది. నా ముఖం కొంచెమే కనపడుతుంది, పళ్ళు బిగించినట్టుగా. అది పళ్ళు బిగించడం కాదు, నవ్వాపుకోవడం. ఎవరికి తెలుసు? దీన్ని జావ గిన్నె పక్కన పెడితే మూతి తుడుస్తున్న కోడలు. కిటికీ తరవాత, ఖాళీ కుర్చీ తరవాత పెడితే? పొద్దుట్నుంచీ చాకిరీ చేసి చేసి, దూరంగా చూసి చూసి, ఆఖరికి ముసలిదాని నోరు నొక్కేసిన కోడలు. మాట అక్కర్లేకుండా చెప్పారు కథ. శభాష్. వాళ్ళ సార్ దీని ముందు చాలాసేపు నిలబడిపోయాడట. ఇదే ముగింపు, దీన్ని కదపకు అన్నాడట. ఫొటో అంచులు కాస్త అదిరి ఉంటాయి, ఆ అదురులో అశాంతి ఉందన్నాడట. అదిరింది ఎందుకో నాకు తెలుసు. తీస్తున్న పిల్ల పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతోంది కాబట్టి అదిరింది.

జరిగింది ఇది. ఫొటోల మధ్యాహ్నమే, రాత్రి సీను అయిపోయింది, కర్టెన్లు ఇంకా తీయలేదు, చంటి ఫోను చేసింది. చంటి అంటే నా ఆడపడుచు, ఆయన చెల్లెలు, తలలో సగం నెరిసినా ఇంట్లో ఇంకా చంటే. నేను ఎప్పట్లాగే స్పీకరు పెట్టి అత్తగారి పక్కన ఉంచాను. "అమ్మా, తిన్నావా? మందులేసుకున్నావా? రోజూ నీ కోసమే దీపం పెడుతున్నానమ్మా, నువ్వు లేచి నడవాలి" అని చంటి మొదలుపెట్టింది, ఆ మాటల చివర ఏడుపు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, పంపు తిప్పితే చాలు. అత్తగారు కాసేపు విని, మా అమ్మాయి వైపు కన్ను గీటి, "ఇది పుట్టినప్పుడూ అంతే" అని గట్టిగా అందుకుంది. ఆవిడ కన్ను గీటిందంటే వచ్చేది ఎలాంటి మాటో మా ఇద్దరికీ తెలుసు. చటుక్కున నోరు మూశాను. మిగతా సగం నా అరచేతిలోనే అంది, వెచ్చగా, ఒక్క అక్షరం పోకుండా. అని, నా చేతి కింద పకపకా నవ్వింది. కెమెరా టిక్కుమంది. "అత్తయ్యకి పొలమారింది చంటీ, మళ్ళీ మాట్లాడిస్తా" అని ఫోను పెట్టేశాను. ఆ రోజు ముగ్గురం ఎంత నవ్వామంటే అత్తగారికి నిజంగానే పొలమారింది. ఇదీ అశాంతి.

ఇవన్నీ తెలిసి ఆ ఫొటోని ఆఖర్న పెట్టింది నా కూతురు. అదీ నాకు మింగుడు పడనిది. సార్‌కి తెలియదు, ఆయన ఎవరో, ఆయనకి చీకటి కనపడితే చాలు. దీనికి తెలుసు. అసలు సంగతి చెప్పావా ఆయనకి అని అడిగితే, "ఫొటో పక్కన నిలబడి వివరించకూడదమ్మా, చూసేవాళ్ళకి ఏది కనపడితే అదే కథ" అంది. చూసేవాళ్ళు అంటే ఎవరే? చంటి కూడా వస్తోందిగా? "రానీ. చంటత్తకి ఫొటోలేం తెలుస్తాయి, బావుంది బావుంది అని రెండు కన్నీళ్ళు పెట్టి వెళ్ళిపోతుంది." నా నోటి మాటే. అన్న తీరూ నా పోలికే. చంటి గురించి ఇంట్లో నేను అనే మాటలన్నీ ఇది మడత నలగకుండా అప్పజెప్పింది. అవును, నాకు చంటి అంటే చులకనే. పండ్ల సంచీతో వస్తుంది, మంచం పక్కన నిలబడి ఏడుస్తుంది, "నీవి చేతులు కావు వదినా, దేవుడి చేతులు" అంటుంది, బెడ్‌పాన్ వేళకి బస్సు టైమైందంటుంది. దేవుడి చేతులకి బెడ్‌పాన్ అందించే మనిషి చేతులు రెండుంటే బావుండునని ఎప్పుడూ అనలేదు, అనుకున్నాను. ఈమధ్య ఫోన్లు మరీ ఎక్కువయ్యాయి. పొద్దునొకటి, సాయంత్రమొకటి. "అమ్మ ఏమంటోంది వదినా? ఏమన్నా అందా?" ఏమంటుంది, ఎవరూ అంటుంది. ఫోను ప్రేమకి ఒంటి నొప్పులుండవు, ఎంతైనా చేయొచ్చు.

ఇప్పుడు ఆ చంటి ఈ తలుపులోంచి రావాలి. తలుపెక్కడుందో చూశారా వీళ్ళు? తాడు అటు మొదలై ఇటు ముగుస్తుంది, తలుపు ఇటు ఉంది. లోపలికి వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట తగిలేది ఆఖరి ఫొటో. వెలుగు చూసుకున్నారు, వరస చూసుకున్నారు, మనుషులు ఎటునుంచి వస్తారో చూసుకోలేదు. ఇల్లు ఊడ్చినవాళ్ళెవరైనా ముందు చూసేది గుమ్మం ఎటని. చంటి వస్తూనే చూసేది వాళ్ళమ్మ నోటి మీద నా చెయ్యి. అది కాదు జరిగింది అనాలంటే, మరేం జరిగింది వదినా అంటుంది. మీ అమ్మ నిన్ను వెక్కిరించబోతే మూశానని చెప్పాలి. చెబితే ఆ మనిషి ఇక్కడే కూలబడి ఏడుస్తుంది, చెప్పకపోతే నేను నోరు నొక్కిన కోడల్ని. ఊరంతా అనుకున్నా దులిపేసుకుంటాను. కన్నకూతురు అనుకుంటే, అనుకుని పైకి అనకుండా మళ్ళీ పండ్లు పట్టుకొస్తే, ఆ పండ్లు ఏ చేత్తో అందుకోను?

ఫోను మోగింది. మా ఆయన. "అమ్మ ఎవరూ ఎవరూ అంటోంది, ఏం చెప్పాలి?" మీరెవరో చెప్పండి అన్నాను. "చెప్పాను. నువ్వు కాదు, దాన్ని పిలవమంటోంది." గంటలో వస్తుందనండి. "దుప్పటి మార్చాలేమో, ఉతికినవి ఎక్కడుంటాయి?" కుర్చీలో. "ఏ కుర్చీ?" మీరు పేపరు చదువుతూ కూర్చున్న కుర్చీ, మీ వీపు వెనకాల, అన్నాను. అవతల పేపరు నలిగిన చప్పుడు, ఆ తరవాత "ఓహో" అని వినపడింది. ఈయన్ని ఎవరూ ఫొటో తీయరు. తీస్తే ఎంత మంచి కథ, మాట అక్కర్లేనిది.

స్వామీ, నేను రాత్రి నీ ముందు కూర్చుని ఎవరినీ తేలిగ్గా చూడనివ్వకు అని అడుగుతాను, పొద్దున లేస్తూనే మొదలుపెడతాను, నీకూ అలవాటైపోయి ఉంటుంది. ఒకటి అడుగుతాను. నువ్వు మమ్మల్ని ఏ వరసలో చూస్తావు? ముందు చేసింది ముందు, వెనక చేసింది వెనకా? లేక ఈ తలుపులోంచి వచ్చినవాళ్ళలాగా చివరిది మొదట చూస్తావా? చావుకు ముందు ఆఖరి తలపు ఏదైతే అదే లెక్క అంటారు పెద్దలు. అలాగైతే ఆఖరి నిమిషంలో నేను పాలు పొంగుతున్నాయని పరిగెడుతుంటే నా కథ ఏమిటి? నువ్వు వరసగా చూడవనే నా నమ్మకం. జావ గిన్నె, దువ్వెన, నోటి మీద చెయ్యి, చంటి మీద నా చులకన, అన్నీ ఒక్క చూపులో చూస్తావు, అందుకే నీకు కోపం రాదు. మాకు ఒక్కొక్కటే కనపడుతుంది. అందుకే మేమిలా ఏడుస్తాం.

లేచాను. కుర్చీ కిర్రుమంది. ఆఖరి ఫొటోకున్న క్లిప్పులు రెండూ వెలిసిపోయినవే, దుప్పట్లకి వాడేవి, పట్టు బాగా బిగువు. నొక్కి తీసి, ఫొటోని బ్యాగులో గుడ్డ సంచీ కింద పెట్టుకున్నాను. క్లిప్పులు తాడు మీదే ఉంచాను, తాడు కాస్త పైకి లేచింది. మళ్ళీ కుర్చీలో కూర్చుని బ్యాగు మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను, దొంగతనం చేసినట్టుగా. చెయ్యి నాది, నోరు మా అత్తగారిది, దొంగతనమేమిటి? మార్కులు పోతే పోతాయి. ఖాళీ కుర్చీ ఉందిగా, దాంతో ముగించుకోమను, సార్‌కి అదీ నచ్చుతుంది.

తలుపు తోసుకుని చంటి వచ్చింది. పండ్ల సంచీతోనే. "ముందే వచ్చేశాను వదినా, బస్సు వెంటనే దొరికింది. అమ్మ దగ్గర ఎవరున్నారు?" మీ అన్నయ్య. "అయ్యో" అంది, ఆ ఒక్క మాటలో అన్నగారి మీద తనకున్న నమ్మకమంతా చెప్పేసింది. సంచీ నా కాళ్ళ దగ్గర పెట్టి తాడు దగ్గరికి నడిచింది, అనుకున్నట్టే చివరి నుంచే. ఖాళీ క్లిప్పుల దగ్గర ఆగింది. "ఇక్కడొకటి లేదే?" పడిపోయింది అన్నాను. "పడితే కింద ఉండాలిగా."  ముక్కు చీదుతుందని, బావుంది అంటుందని ఎదురుచూశాను. ఏమీ అనకుండా ఒక్కో ఫొటో ముందూ నిలబడి, ముఖం దగ్గరగా పెట్టి, కొట్టులో బట్ట నాణ్యం చూసినట్టు చూస్తూ వెళ్ళింది. కిటికీ ఫొటో దగ్గర ఆగి, దాన్నీ నన్నూ చూసి, ఏదో అడగబోయి మానేసింది. "ఇది అమ్మ పాదమే. ఆ వంకర బొటనవేలు నాకూ ఉంది. ఇది అమ్మ జుట్టు. జడ వేస్తే ఎంత ఉండేది వదినా, ఇప్పుడింతేనా. ఇది నీ చెయ్యి, ఇది నువ్వు." తాడు మొదటిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "అంతా నువ్వే ఉన్నావు వదినా. అమ్మ ముఖం ఏదీ? ఎక్కడా లేదే."

నేను తాడు వైపు చూశాను. పొయ్యి, గిన్నె, దువ్వెన, పాదం, కిటికీ, కుర్చీ. ఇంతసేపూ ఎదురుగా కూర్చుని ప్రతి ఫొటోలోనూ నన్ను ఏం చేశారా అని చూసుకున్నాను. ఆవిడ ముఖం ఒక్కదాన్లోనూ లేదని, ఉన్న ఒక్కటీ నా బ్యాగులో ఉందని నాకు తట్టనే లేదు. ఆపిల్ పండుని తీసిన పిల్లకి వంకలు పెట్టాను. చంటి ఖాళీ చేతులు వేలాడేసుకుని నిలబడి ఉంది, ఇంటికి వెళ్తే తల్లి లేదన్నట్టు.

బ్యాగు తెరిచి ఇచ్చాను. దాన్ని వెలుతురు కిందకి తీసుకెళ్ళింది. నేను నేల చూపులు చూస్తూ "అది, చంటీ, అసలు..." అని మొదలుపెట్టాను. "అమ్మ నవ్వుతోంది" అంది. ఫొటో మీద వేలుతో కళ్ళ దగ్గర, బుగ్గల దగ్గర చూపించింది. "ఇదిగో, ఇక్కడ ముడత చూడు. ఎవర్నో వెక్కిరించినప్పుడే అలా పడుతుంది. చిన్నప్పుడు ఆ ముడత పడిందంటే నేను గది వదిలి పారిపోయేదాన్ని." వెంటనే తలెత్తకుండానే అడిగింది. "ఆ రోజుదేనా? పొలమారిందన్నావు."

"పొలమారలేదు."

"తెలుసులే. 'ఇది పుట్టినప్పుడూ అంతే' అంది. అక్కడిదాకా విన్నాను. తరవాత నువ్వు ఫోను పెట్టేశావు." గొంతులో ఏడుపు లేదు, దానికే నాకు భయం వేసింది. "అప్పట్నుంచీ అదే వదినా. నేను పుట్టినప్పుడు ఏమయింది? అన్నయ్య పుట్టాక ఇంక చాలనుకున్నారా? నేను అక్కర్లేకుండా వచ్చానా? ఆ మాట అనబోతేనే నువ్వు ఆపావేమో అనుకున్నా. నిన్ను అడగలేను, నువ్వు మంచిదానివి, అబద్ధం చెబుతావు. అమ్మని అడిగితే ఎవరూ అంటుంది. రోజూ ఫోను చేస్తున్నా, ఇవాళైనా ఆ మాట మళ్ళీ అంటుందేమోనని."

పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఫోను ప్రేమకి ఒంటి నొప్పులుండవన్నాను. తలుపు వైపు చూశాను, ఎవరూ లేరు. అయినా లేచి వెళ్ళి చంటి చెవి దగ్గర నోరు పెట్టాను, ఇంత పెద్ద హాల్లో అత్తగారి మాటని గట్టిగా అనడం నాకు చేతకాలేదు.

"ఇది పుట్టినప్పుడూ అంతే, ముందు నోరొచ్చింది, మిగతా పిల్ల తీరిగ్గా వచ్చింది."

చంటి నా వైపు చూసింది. అరచెయ్యి దానంతటదే లేచి నోటిని మూసేసింది, ఫొటోలో నా చెయ్యి మూసినట్టే. భుజాలు అదరడం మొదలుపెట్టాయి. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, బుగ్గ మీద వాళ్ళమ్మ ముడతే పడింది. నేను ఆ భుజం పట్టుకున్నాను, పట్టుకున్నది ఆపడానికో, నేనే పడిపోకుండానో తెలియలేదు.

అప్పుడొచ్చారు, మా అమ్మాయీ వాళ్ళ సారూ. గుమ్మంలోనే ఆయన చెయ్యి అడ్డం పెట్టి దాన్ని ఆపాడు. "ఆగు, ఇప్పుడు వెళ్ళకు" అని గొంతు తగ్గించడం నాకు వినపడుతూనే ఉంది. "చూశావా ఆవిడ ఎలా కదిలిపోయారో. ఒక్క మాట లేదు. ఇదీ బొమ్మ శక్తి." మా అమ్మాయి ఖాళీ క్లిప్పులు చూసింది, అత్త చేతిలో ఫొటో చూసింది, అత్త భుజాలు చూసింది, నా ముఖం చూసింది. మెడలో కెమెరా మీదకి వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగింది. పెదవి కొరుక్కుంది. ఆ తరవాత ఆగలేక ఫక్కుమంది. ఆ హాల్లో మొదటి నవ్వు. సార్ దాని వైపు చూశాడు, ఏడ్చే మనుషుల ముందు నవ్వే పిల్లని ఎలా చూడాలో అలా.

చంటి కొంగుతో ముఖం తుడుచుకుని తాడు దగ్గరికి వెళ్ళింది. ఖాళీగా ఉన్న క్లిప్పులు తీసుకుంది. ఫొటోని పాత చోట పెట్టలేదు. నడుచుకుంటూ వెళ్ళి, కిటికీలోంచి నేను దూరంగా చూస్తున్న ఫొటో ముందు నిలబడి, దాని మీదుగా, అది పూర్తిగా చాటయ్యేటట్టు వాళ్ళమ్మ ఫొటోని వేసి, అంచులు సరిచేసి బిగించింది. బట్టలారేసిన చెయ్యి, తెలిసిపోతుంది.

"అత్తా, దాని వెనక ఒకటి ఉండిపోయింది" అంది మా అమ్మాయి.

"ఉండనీవే" అంది చంటి వెనక్కి చూడకుండా. "దానికీ గాలి తగుల్తుంది."